పన్నెండుకు ఎనిమిది

మొదటి రోజు నేను కాల్చిన ఆరు తూటాల్లో ఐదు గురి అట్ట కింద మట్టిలో దిగాయి. ఆరోది ఎటు పోయిందో నాకు ఇప్పటికీ తెలియదు. మా ట్రెయినింగు చూసే రాయమల్లు జమేదార్ మాత్రం తనకు తెలుసన్నాడు.

"మంచిర్యాల దిక్కు పొయ్యింది. ఈపాటికి గోదారి దాటి ఉంటది. డిగ్రీ చదివిన తూటా గద, గక్కడ ఏదన్న ఆఫీసుల నౌకరి చూసుకుంటది."

వరుసలో నిలబడ్డ పద్దెనిమిది మంది మగ ట్రెయినీలూ నవ్వారు. ఆడవాళ్లం రమ, నేను, ఇద్దరమే. రమ నేల చూసింది. నేను అట్ట వైపే చూస్తూ నిలబడ్డాను. అందులో చూడ్డానికేమీ లేదు, ఒక్క చిల్లు కూడా పడలేదు.

మా బాపు జ్ఞానయ్య ముప్పై ఏళ్లు బొగ్గు బాయిలో షాట్‌ఫైరర్‌గా చేశాడు. బొగ్గు గోడకు రంధ్రాలు కొట్టాక వాటిలో మందు కూరి పేల్చడం ఆయన పని. చెవులు పోయాయని మెడికల్ బోర్డు అన్‌ఫిట్ చేస్తే, ఆయన బదులు వారసురాలిగా నాకు సెక్యూరిటీ గార్డు ఉద్యోగం వచ్చింది. మా ఇంట్లో డిగ్రీ చదివినదాన్ని నేనే మొదలు. బీఎస్సీ కాగితం ప్లాస్టిక్ కవరులో పెట్టుకుని పోయి, మార్చి ఆఖరి వారం ట్రెయినింగులో చేరాను.

మే చివర్లో పరీక్ష. పదిహేను మీటర్ల దూరం నుంచి రివాల్వర్‌తో పన్నెండు తూటాలు కాల్చాలి. ఎనిమిది నల్ల వలయం లోపల పడాలి. పడితే మందుగుండు గోదాం దగ్గర తుపాకీ డ్యూటీ, పడకపోతే జనరల్ డ్యూటీ. జనరల్ అంటే మగవాళ్లకు గేటు. ఆడవాళ్లకు ఆఫీసులో మంచినీళ్లు అందించడం, లేదా ఆఫీసర్ల బంగ్లా.

బంగ్లా అంటే ఏమిటో మా ఇంట్లో ఎవరికీ విప్పి చెప్పనక్కరలేదు. మా అమ్మ సుసన్నా ఇరవై రెండేళ్లుగా ఒక బంగ్లాలోనే వంట చేస్తోంది. ఆఫీసర్లు బదిలీ మీద వస్తున్నారు, పోతున్నారు. అమ్మ మాత్రం ఆ పొయ్యి ముందే ఉంది.

ఈస్టరు ముందు వచ్చే మట్టలాదివారం నాడు కూడా ప్రార్థన కాగానే అమ్మ బంగ్లాకే పోయింది. చుట్టాలొచ్చారట. మధ్యాహ్నం తిరిగొచ్చి చెంబెడు నీళ్లు తాగి, కొంగుతో మూతి తుడుచుకుంటూ అంది.

"మేడం నీ సంగతి అడిగింది."

"ఏమని?"

"నీ బిడ్డ సెక్యూరిటీల చేరిందట గద సుసన్నా, ఎండల తుపాకి పట్టుకోని ఏం తిరుగుతది, సార్‌తోటి చెప్పి మా బంగ్లాకే వేయిస్త అన్నది. కంపెనీ జీతం, నీడ పట్టు పని. నీకు గూడ మోకాళ్ల నొప్పులాయె, వంట మెల్లగ ఆమెకు నేర్పు అన్నది."

"మరి నువ్వేమన్నవ్?"

"సరే మేడం అన్న. ఇంకేమంట? పొయ్యి మీద పాలు పొంగుతున్నయ్."

మేడం చెడ్డమనిషి కాదు. నా డిగ్రీ పరీక్ష ఫీజు ఒకసారి ఆమే కట్టింది. చిక్కంతా అక్కడే ఉంది. కుళ్లుతో అన్న మాటకు ఎదురు చెప్పొచ్చు. ప్రేమగా అన్నప్పుడు ఎటు నుంచి ఎదురు చెప్పాలో అమ్మకు ఇరవై రెండేళ్లలో తెలియలేదు, నాకు ఆ పూట తెలియలేదు.

"ఏందట?" అన్నాడు బాపు అరుగు మీద నుంచి. మా పెదవులు కదలడం చూశాడు, మాట వినబడలేదు.

"నన్ను బంగ్లాకేస్తరట!" అని అరిచాను. క్వార్టర్ల వరుస మొత్తానికి వినపడింది.

గోడ మీద నుంచి పక్కింటి మల్లక్క తొంగి చూసింది. "పోతే ఏమాయె బిడ్డా. ఏసీ ఉంటది."

"వంటింట్ల ఏసీ ఉండది మల్లక్కా," అంది అమ్మ.

ఆ రాత్రి నేను లెక్క తేల్చుకున్నాను. పన్నెండుకు ఎనిమిది పడితే బంగ్లాకు పంపడానికి వాళ్ల దగ్గర సాకు ఉండదు. ఎనిమిది పడాల్సిందే.

మాకు కాల్పులు నేర్పే ఆయన పేరు గట్టయ్య. పటాలంలో హవల్దారుగా చేసి వచ్చాడు. అందరం ఉస్తాద్ అనేవాళ్లం. తూటాలు లెక్క ప్రకారమే ఇచ్చేవారు కాబట్టి కాల్పుల మైదానానికి, రేంజికి పోయే రోజులు తక్కువ, ఆయన తిట్లు ఎక్కువ. రెండోసారి పోయినప్పుడు ముందు నా చేతులు సరిచేశాడు.

"గంత గట్టిగ పిసుకకు. కోడిపిల్లను పట్టుకున్నట్టు పట్టు. తప్పించుకోని పోవద్దు, సావద్దు. రెండో చెయ్యి కప్పు. ఇప్పుడు ఏం చూస్తున్నవ్?"

"అట్ట చూస్తున్న ఉస్తాద్."

"అట్టను నేను చూస్త. నువ్వు తుపాకి కొసన ఉన్న పన్ను చూడు. పన్ను సాఫ్ కనవడాలె, అట్ట మసక కావాలె. అట్ట ఏడికి పారిపోదు."

పన్ను చూశాను. అట్ట మసకబారింది. ఆరు తూటాలూ అట్ట మీదే పడ్డాయి, కాని అన్నీ కింద ఎడమ మూలకు, అరచేతంత జాగాలో. ఉస్తాద్ వాటి మీద వేలు తిప్పాడు.

"గుండ్లన్నీ ఒక్క ఇంట్లనే పడ్డయ్. గాని పక్కోని ఇంట్ల పడ్డయ్," అన్నాడు. "ఫికర్ చెయ్యకు. తలో దిక్కు పోతే చూపు తప్పు. ఒక్క దిక్కే పోతున్నయంటే చెయ్యి ఏదో చేస్తున్నది. తుపాకి ఇటియ్యి."

నాకు కనబడకుండా అటు తిరిగి రివాల్వర్ నింపి ఇచ్చాడు. మొదటిది కాల్చాను, పేలింది. రెండోది పేలింది. మూడోసారి మీట నొక్కితే టిక్కుమని చప్పుడు వచ్చింది, అంతే. పేలలేదు. కాని నా చేతుల్లో తుపాకి ముక్కు జానెడు కిందికి పోయింది. భుజాలు ముందుకు పడ్డాయి, కళ్లు మూసుకుపోయాయి. ఉస్తాద్ కావాలనే ఒక అరలో ఖాళీ తూటా తొడుగు పెట్టాడు.

"చూసినవా?" అన్నాడు. "తుపాకి పేలలే. నువ్వు పేలినవ్."

అంతసేపు నవ్వు ఆపుకున్న వరుస అంతా ఒక్కసారిగా పగలబడి నవ్వింది. రాయమల్లు జమేదార్ తన రిజిస్టరు చంకలో పెట్టుకుని దగ్గరికొచ్చాడు.

"ఉస్తాద్, ఎందుకు తిప్పలు? డిగ్రీ మేడంకు బంగ్లా ఖాయమైంది. గక్కడ పింగాణి ప్లేట్లుంటయ్, గిట్ల ఉలిక్కిపడి పగలగొట్టకుంట ఉంటే సాలు."

ఆయన తెరిచిన రిజిస్టరులో నా పేరు ఎదుట అప్పటికే పెన్సిల్‌తో బంగ్లా అని రాసి ఉంది. పరీక్షకు ఇంకా ఆరు వారాల గడువుంది.

"తూటాలు ఇంక మూడున్నయ్ జమేదార్ సార్," అన్నాను. "కాల్చి జరుగుత. జర పక్కకు నిలబడండ్రి, నావి ఎడమ దిక్కు పోతున్నయ్."

ఆయన పక్కకు జరిగాడు. ఆ మూడు కూడా కింద మూలకే పోయాయి.

ఇంటికొచ్చి అన్నం ముందు కూర్చుని, చేతులు చాచి బాపుకు చేసి చూపించాను. ఆయనకు మాటల కంటే చూపించడమే తొందరగా అర్థమవుతుంది. తుపాకి ఇట్లా పట్టాను, ఇట్లా నొక్కాను, ఇట్లా పోయింది. రెండుసార్లు చేయించుకుని చూశాడు.

మూడు గంటలకు ఓపెన్‌కాస్టు గనిలో సైరన్ మోగింది.

మా కాలనీలో ఆ సైరన్ మోగితే ఎవరూ ఎవరికీ చెప్పరు. అమ్మ లేచి వంటింట్లో గిన్నెల స్టాండును రెండు చేతులతో పట్టుకుంది. గోడ అవతల మల్లక్క టీవీ పట్టుకుని ఉంటుంది. రెండు నిమిషాలకు బ్లాస్టింగ్. కాళ్ల కింద నేల ఒకసారి వణికింది, కిటికీ రెక్కలు కొట్టుకున్నాయి, పైకప్పు నుంచి సున్నం పొడి రాలింది. నేను పుట్టిన నాటి నుంచి రోజూ ఇదే.

"గిదే," అన్నాడు బాపు. నా భుజం మీద చెయ్యి వేసి ఉన్నాడు. ఎప్పుడు వేశాడో నేను గమనించలేదు. "గిదే నీ రోగం. నాకు సైరన్ ఇనవడది బిడ్డా. నీ భుజం గట్టిపడితే, ఓహో సైరన్ అయింది అని తెలిసింది. పిడికిలి బిగవట్టినవ్. ఇంకా పేలకముందుకే."

పిడికిలి చూసుకున్నాను. అన్నం మెతుకులు వేళ్ల సందుల్లోంచి బయటికొచ్చి ఉన్నాయి.

అమ్మ కడుపులో ఉన్నప్పటి నుంచి నా ఒళ్లు నేర్చుకున్న చదువు అది. చప్పుడు రాబోతోందంటే ముందే బిగుసుకో. స్టాండు పట్టుకో, తలుపు పట్టుకో, తమ్ముళ్లుంటే తమ్ముళ్లను పట్టుకో. తుపాకి మీట మీద వేలు పెట్టగానే నా ఒళ్లంతా గిన్నెల స్టాండు పట్టుకుంటోంది.

"బాయిల కొత్త షాట్‌ఫైరర్లు గిట్లనే చేస్తుండె," అన్నాడు బాపు. చెవులు పోయినవాళ్లు మాట్లాడినట్టు పెద్ద గొంతుతోనే. "యంత్రం హ్యాండిల్ తిప్పకముందే తల గుంజుకుంటరు. సగమే తిప్పుతరు. మందు పేలది. నాకు నేర్పినాయన ఒక్కటే చెప్పిండు. జ్ఞానయ్యా, పేల్చేది నువ్వు కాదు, మందు. నీ పని హ్యాండిల్ తిప్పేదాకనే. తర్వాత జరిగేది ఎదురుచూడకు. నువ్వు గూడ గంతే. వేలు మెల్లగ గుంజాలె. ఎప్పుడు పేలుతదో నీకే తెల్వద్దు."

"తెల్వకుంట ఎట్లుంట? నేనే గద నొక్కేది!" అని అరిచాను.

"గందుకే గద కష్టం," అన్నాడు.

మర్నాడు ఆయన ఎక్కడి నుంచో టింబర్ ముక్క తెచ్చి, కత్తితో చెక్కి, రివాల్వర్ అంత బరువుండే చెక్క తుపాకి చేశాడు. మీట జాగాలో బట్టల క్లిప్పు స్ప్రింగు బిగించాడు. దాని ముక్కు మీద, తను బాయి దిగేటప్పుడు దీపం తీసుకోవడానికి లాంపురూములో చూపించిన ఇత్తడి నంబరు బిళ్ళ నిలబెట్టాడు. మూడు గంటలకు సైరన్ మోగగానే నేను అరుగు మీద నిలబడి, ఎదుటి గోడ మీది బొగ్గు చుక్క వైపు తుపాకి చాచి, మెల్లగా మీట లాగాలి. బ్లాస్టింగ్ అయ్యాక కూడా బిళ్ళ ముక్కు మీదే ఉండాలి.

మొదటి వారం బిళ్ళ రోజూ పడింది. కొన్నిసార్లు బ్లాస్టింగ్‌కు ముందే పడింది. కాలనీకి మంచి తమాషా దొరికింది.

"ఏం ఎవాంజెలినూ, గోడ సచ్చిందా?" అనేది మల్లక్క.

"ఇంకా కొన ఊపిరి మీద ఉన్నది మల్లక్కా."

"జల్ది కానియ్. దాని మీద పిడకలు కొట్టుకోవాలె."

ఈస్టరు పోయింది. ఎండ నలభై నాలుగు దాటింది. బంగ్లా మేడం ఇంకో రెండుసార్లు అడిగిందని అమ్మ చెప్పింది. వెనక గది ఖాళీ చేయించారట, నేను మధ్యాహ్నం నడుం వాల్చుకోవడానికి. రమ ఆఫీసు డ్యూటీకి తనే రాసిచ్చేసింది. "నా వల్ల కాదక్కా, ఈ నవ్వులు పడలేను," అంది. తప్పు పట్టలేదు. మే మొదటి వారంలో రేంజికి పోతే పన్నెండుకు ఐదు పడ్డాయి. ఉస్తాద్ ఆ ఐదింటినీ చూసి, "ఇప్పుడు నీ ఇల్లు నీకు దొరికింది," అన్నాడు. జమేదార్ పెన్సిల్ రాత మీద పెన్నుతో దిద్దాడు.

ఆ మరుసటి వారం ఒక మధ్యాహ్నం సైరన్ మోగినప్పుడు అమ్మ ఇంట్లోనే ఉంది. నేను అరుగు మీద చెక్క తుపాకి చాచాను. బిళ్ళ ముక్కు మీద ఉంది. ఊపిరి సగం వదిలి ఆపాను. పన్ను సాఫ్‌గా కనబడింది, బొగ్గు చుక్క మసకగా ఉంది. వేలు లాగుతూ ఉన్నాను. నేల వణికింది. వంటింట్లో గిన్నెలు, పళ్లేలు, గంటెలు, అన్నీ ఒక్కసారి గలగలమని నేల మీద పడ్డాయి. స్టాండే ఒరిగిపోయింది.

బిళ్ళ కదలలేదు.

తల తిప్పి చూస్తే అమ్మ గడపలో నిలబడి ఉంది, చేతులు వట్టిగా. ఆమె కళ్లు బిళ్ళ మీదే ఉన్నాయి. వెనక ఒక స్టీలు పళ్లెం ఇంకా గిరగిరా తిరుగుతూ చప్పుడు చేస్తోంది.

"అమ్మా, స్టాండు!"

"పడనియ్," అంది అమ్మ.

పరీక్ష రోజు పొద్దున నేను లేచేసరికి అమ్మ బంగ్లాకు పోయింది. టిఫిన్ డబ్బాలో ఉప్మా పెట్టి ఉంది. రేంజికి చేరేసరికే వడగాలి మొదలైంది. నా వంతు పదిన్నరకు వచ్చింది. రాయమల్లు జమేదార్ సరిగ్గా నా వెనక నిలబడ్డాడు.

"కానియ్ మేడం. బంగ్లాల పన్నెండింటికి వంట కావాలె."

చేతులు చాచాను. ఆ మాట చెవిలోనే ఉంది, కాని పన్ను మీద లేదు. మొదటి ఆరింట్లో నాలుగు లోపల పడ్డాయి. రివాల్వర్ మళ్లీ నింపుకున్నాను. ఏడోది బయట పడింది. అది పేలకముందే నాకు తెలిసింది, భుజం కొంచెం ముందుకు పోయింది. వెనక ఎవరో చిన్నగా నవ్వారు.

తుపాకి కిందికి దించి, రెండుసార్లు ఊపిరి తీసుకున్నాను. తొందర పెట్టడానికి జమేదార్ గడియారం చూసుకున్నాడు. చూసుకోనిచ్చాను. తర్వాత ఐదుసార్లు వేలు మెల్లగా లాగాను. ఐదుసార్లూ ఎప్పుడు పేలిందో నాకు తెలియలేదు.

ఉస్తాద్ అట్ట దగ్గరికి పోయి, చిల్లులను పెన్సిల్‌తో ఒక్కొక్కటే లెక్కపెట్టి, మళ్లీ మొదటి నుంచి లెక్కపెట్టాడు. "తొమ్మిది!" అని అక్కడి నుంచే అరిచాడు. వాళ్లు ఎనిమిది అడిగారు, నేను తొమ్మిది ఇచ్చాను.

రేకుల షెడ్డు కింద బల్ల వేసుకుని రాయమల్లు డ్యూటీలు చదివాడు. నా పేరు రాగానే తల ఎత్తకుండానే "బంగ్లా" అన్నాడు.

"నాకు తొమ్మిది పడ్డయ్ సార్."

"తొమ్మిది పడనీ, పన్నెండు పడనీ. బంగ్లా నుంచి అడిగిండ్రు, నేను సరే అన్న. గోదాం అడివిల ఉన్నది. నువ్వు ఆడపిల్లవు. నీ మంచికే చెప్తున్న."

"మంచిది సార్. గదే రాసియ్యండ్రి."

అప్పుడు తల ఎత్తాడు. "ఏంది రాసిచ్చేది?"

"ఎవాంజెలిన్ పన్నెండుకు తొమ్మిది కొట్టింది, అయినా ఆడపిల్ల కాబట్టి బంగ్లా పనికి పంపుతున్నం అని. కింద మీ సంతకం, తారీకు. ఆ కాగితం పట్టుకోని ఇప్పుడే పోత."

షెడ్డులో ఎవరూ నవ్వలేదు.

ఉస్తాద్ నా అట్టను తెచ్చి రిజిస్టరు మీద పెట్టాడు. "రాయి రాయమల్లూ. తొమ్మిది పడ్డయని నేను గూడ సంతకం పెడ్త. ఇద్దరి సంతకాలుంటే గట్టిగుంటది."

రాయమల్లు పెన్ను మూత తీశాడు. మొహం మీద చెమట రిజిస్టరు మీద పడితే అరచేత్తో తుడిచాడు. తర్వాత నా పేరు ఎదుట ఉన్న మాటను అడ్డంగా కొట్టేసి, దాని పక్కన ఇరుకుగా "గోదాం" అని రాశాడు.

"రేపు ఫస్టు షిఫ్టు. ఆరింటికి ఉండాలె. ఒక్క నిమిషం లేటయితే..."

"ఐదున్నరకే ఉంట సార్."

ఇంటికి వస్తుంటే దారిలో సంతోషం కంటే భయమే ఎక్కువైంది. బంగ్లాకు కబురు పోయే ఉంటుంది. మేడం నన్నేమీ అనలేదు, అనడానికి నేను ఎదురుగా లేను. ఆ వంటింట్లో ఉన్నది అమ్మ. మాట పడేది అమ్మ.

ఇంటికొచ్చేసరికి ఒంటిగంట. ఆ వేళకు బంగ్లాలో ఉండాల్సిన అమ్మ, అరుగు మీద కాళ్లు చాపుకుని కూర్చుని చింతపండు గింజలు తీస్తోంది. బాపు పక్కన కూర్చుని గింజలు ఏరుతున్నాడు.

"గోదాం డ్యూటీ పడ్డది!" అని బాపుకు వినబడేట్టు అరిచాను. ఆయన రెండు చేతులూ పైకెత్తి ప్రభువుకు స్తోత్రం చెప్పాడు. మల్లక్క గోడ అవతల నుంచి ఎన్ని పడ్డాయని అడిగింది. తొమ్మిది అన్నాను.

అమ్మ దగ్గర కూర్చున్నాను.

"అమ్మా, మేడంకు కోపమొస్తది. రేపు నువ్వు పోతే ఏమన్న అంటదేమొ."

"రేపు నేను పోత లేను. మానేసిన," అంది అమ్మ, గింజ తీస్తూ. "వంటింటి తాళంచెవి ఆమె చేతిల పెట్టొచ్చిన."

"మేడం ఏమన్నది?"

"మరి నీ బిడ్డ ఎప్పుడొస్తది అన్నది. రాదు అన్న."

నాకంటే ముందు కబురు ఎవరు మోశారో అనుకున్నాను. "నాకు గోదాం పడ్డదని నీకెవరు చెప్పిండ్రు?"

"ఎవరు చెప్తరు? ఇప్పుడే గద నువ్వు చెప్పింది."

"మరి తాళంచెవి ఎప్పుడిచ్చినవ్?"

"పొద్దుగాల. ఇంకా ఏడు గంటలు గూడ కాలె."

నేను మొదటి తూటా కాల్చింది పదిన్నరకు.